మోటుపల్లి అభయశాసనము

మాఘమాసమున గుంటూరు సీమ యెట్లుండునో చూచినవారికే తెలియును. నల్లరేగడి చేలలో ప్రత్తి చివరితీతకు వచ్చి, ఎండిన మోళ్లమీద అచ్చటచ్చట తెల్లగా మిగిలియుండును. కల్లములలో మిరపపండ్లు ఆరబోయగా నేల కనుచూపుమేర ఎఱ్ఱబడియుండును. దారి ప్రక్కల స్త్రీలు గుంపులుగా గూర్చుండి తాలుకాయల నేరుచు, కబుర్లు చెప్పుకొనుచు, నడుమ నడుమ పిల్లలను కేకలు వేయుచు నుందురు. గాలి యిటు తిరిగెనా, కారు అద్దములు బిగించుకొని కూర్చున్నవారికిని తుమ్ములు తప్పవు.

గత సంవత్సరము ఇట్టి యొక మాఘదినమున మేము వేకువనే గుంటూరునుండి బయలుదేరి, ప్రత్తిపాడు, పరుచూరుల మీదుగా చీరాలకును, అచ్చటనుండి వేటపాలెము, చినగంజాము దారిని మోటుపల్లికిని పోయి వచ్చితిమి. ఒక్క దినపు ప్రయాణమే. కాని ఆ దినమున మేము చూచినదియు, వినినదియు, అటుపిమ్మట మా యింట జరిగినదియు సోదరీమణులకు చెప్పదగినవని తోచి యిది వ్రాయుచున్నాము.

ప్రయాణమునకు మా అత్తగారే మూలము. మాఘమున సముద్రస్నానము చేయవలెనని యామె కోరిక. మా అక్కగారి కుమారుడు కళాశాలలో చరిత్ర బోధించుచున్నాడు. "వాడరేవులో స్నానమైన పిమ్మట మఱికొంత దూరము పోయినచో మోటుపల్లి చూడవచ్చును, పిన్నీ. అచ్చటి స్తంభముమీద నొక శాసనమున్నది. మీరు చూడవలసినది" అని యతడు చెప్పెను. మాతో వచ్చిన మూడవవారు మా చిన్న యాడుబిడ్డ. నిజము చెప్పవలెనన్న, ఆమెను ఇల్లు కదలించి నాలుగు మంచి చోటులు చూపుటయే మా ముఖ్యోద్దేశము.

ఆమె భర్త అంతకు రెండేండ్ల క్రిందట కాలధర్మము నొందెను. రెండెకరముల మిరపచేనును, మూడెకరముల ప్రత్తిచేనును ఆయన స్వార్జితము. ఆయన పోయిన మూడవ మాసమున కోల్డు స్టోరేజిలో దాచిన మిరపబస్తాలను అత్తవారు అమ్మివేసిరి. పొలముల పాసుపుస్తకము బావగారి పెట్టెలో చేరెను. "నీ యొద్ద భద్రముగా నుండవు" అని నగలు పుచ్చుకొనిరి, మరల ఇయ్యలేదు. అడిగినచో, వైద్యమునకు తాము పెట్టిన వ్యయమునకే అవి చాలవని సమాధానము. ఎనిమిదేండ్ల కూతురిని వెంటబెట్టుకొని ఆమె పుట్టినింటికి వచ్చెను. తగవు పెట్టుకొన్నచో రేపు పిల్ల పెండ్లినాటికి ఆ వైపువారు గడప త్రొక్కరని మా అత్తగారి భయము. అందుచే ఆ మాట మా యింట నెవ్వరును ఎత్తుట లేదు. ఆమెయు ఎత్తలేదు. గుడికి సైతము పోవుట మానివేసెను.

ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి యున్నది. ఆ ప్రాంతముననే యనమదల యను గ్రామమున్నది. పోవునప్పుడు మా అక్కగారి కుమారుడు ఆ పేరు చెప్పినను మేము వినియు విననట్లే యుంటిమి. తిరిగివచ్చునప్పుడు ఆ పేరే మా కారు నాపినది. ఆ సంగతి దాని చోట చెప్పెదము.

పరుచూరు దాటి చీరాల చేరునప్పటికి ప్రొద్దెక్కెను. చీరాల నేతగాండ్ర యూరు. నూలును నూనెలో నానవేసి, చిక్కని రంగుల నద్ది నేసెడి తేలియా రుమాళ్లు ఒకప్పుడు ఇచ్చటినుండియే అరబ్బు దేశములకు ఎగుమతియైనవి. 1921లో చీరాల పేరాల ప్రజలు తమపై మోపిన పురపాలక సంఘపు పన్ను న్యాయము కాదని తలచి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట నడచి, ఇండ్లు వాకిండ్లు విడిచి, ఊరిబయట రామనగరమని పాకలు వేసికొని నెలల తరబడి నివసించిన కథ మన పెద్దలు చెప్పగా వినినదే. వాడరేవులో స్నానములు చేసితిమి. మా అత్తగారు తృప్తిగా మునిగిరి. మా యాడుబిడ్డ మాత్రము పాదములు తడుపుకొని యొడ్డున నిలిచి అలలను చూచుచుండెను.

వేటపాలెమున 1918లో స్థాపితమైన సారస్వత నికేతనమను గ్రంథాలయమును బయటినుండియే చూచి ముందునకు సాగితిమి. చినగంజాము సమీపించునప్పటికి నేల రూపు మారెను. నల్లరేగడి పోయి ఇసుకయు, చౌడును, తాడిచెట్లును, వాని నడుమ ఉప్పుమడులును వచ్చినవి. ఉదయమంతయు మిరప ఎఱుపును చూచిన కన్నులకు ఆ యుప్పుకుప్పల తెలుపు చల్లగా నుండెను.

మోటుపల్లి యిప్పుడు చిన్న గ్రామము. ఓడలు లేవు, సుంకపుశాల లేదు, దేశదేశముల వర్తకులు లేరు. కోదండరామస్వామి యాలయమును, వీరభద్రస్వామి యాలయమును పూర్వకాలమునకు గుర్తులుగా మిగిలినవి. రాతిపలకలు కాలముచే దెబ్బతిన్నవి. ఉప్పుగాలి స్తంభముల అంచులను కొఱికివేసినది. వీరభద్రాలయ మంటపమున నొక స్తంభము దగ్గఱ మా అక్కగారి కుమారుడు నిలిచి, చెప్పులు విప్పిన పాదములతోనే మమ్ము పిలిచెను. ఱాతిమీద అక్షరములు వరుసలు దీరి యున్నవి. మాకు వానిలో నొక్కటియైనను పోలిక పట్టుటకు రాలేదు.

"ఇది శాలివాహన శకము 1166వ సంవత్సరమున, అనగా క్రీస్తుశకము 1244-45లో, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి వేయించినది. దీనినే అభయశాసనమందురు" అని యతడు చెప్పసాగెను.

దాని సారాంశమిది. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవు ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, ఈ తీరమునకు కొట్టుకొని వచ్చినచో పూర్వపు రాజులు వానియందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును బలాత్కారముగా గైకొనుచుండిరి. గణపతిదేవుడు తానట్లు చేయనని యిందు ప్రకటించెను. మనుజునకు ధనము ప్రాణమువంటిదనియు, సముద్రమునకు తెగించి పోయినవారి కష్టము గొప్పదనియు తలచి, దయచేతను, కీర్తిధర్మముల కొఱకును, కూపశుల్కమను నిర్ణీతసుంకము దప్ప తక్కినదంతయు ఆ వర్తకులకే విడిచిపెట్టెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట నొక వంతు. ఏ సరకునకు ఎంత సుంకమో కూడ ఆ ఱాతిమీదనే చెక్కించెను. చందనము, చీనీకర్పూరము, పన్నీరు, ఏనుగుదంతము, జవ్వాది, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టునూలు, మిరియములు, పోకలు, అన్నియు నందున్నవి. రేవులోని అధికారి తన యిష్టము వచ్చినట్లు ఎక్కువ యడుగుటకు వీలులేకుండ లెక్క బహిరంగముగా నిలిపినాడన్న మాట.

మా అత్తగారు ముక్కుమీద వ్రేలు వైచుకొనిరి. "మునిగిన ఓడ సొమ్ము రాజులు తీసికొనెడివారా, నాయనా? ఇంతకన్న పాపమున్నదా?"

"పాపమని వారనుకొనలేదు, మామ్మగారూ. హక్కనుకొనిరి. ఒడ్డునకు చేరినది ఒడ్డువానిదని యానాటి వాడుక. మన దేశమున మాత్రమే కాదు. సీమలోను తీరప్రాంతపు ప్రభువులు అట్లే చేయుచుండిరి. 1275లో ఇంగ్లండున నొక చట్టము చేసిరి. పగిలిన ఓడనుండి ఒక మనుష్యుడు గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడినచో ఆ సొమ్మును దిక్కులేని సొమ్ముగా నెంచరాదని దాని భావము. సొంతదారుడు సంవత్సరము మీద నొక దినములోపల వచ్చి ఋజువు చూపినచో అతనికీయవలెను. ఈ మోటుపల్లి శాసనము దానికి ముప్పది యేండ్లు ముందటిది."

అంతవఱకు మౌనముగా నున్న మా యాడుబిడ్డ అప్పుడు నోరు విప్పెను. "తీసికొన్నవారు ఏమని చెప్పెడివారు, అబ్బాయీ?"

అతడు నవ్వి, "ఏమని చెప్పుదురు, అత్తయ్యా? ఓడ మాది కాకపోవచ్చును, తీరము మాది యందురు. మా యొడ్డు లేకున్న ఆ పాటి సొమ్మైనను దక్కునా యందురు" అనెను.

ఆమె మరల మాటాడలేదు. స్తంభము దగ్గఱగా పోయి, చదువరాని ఆ యక్షరములమీద వ్రేలుంచి చాలసేపు నిలిచెను.

మేము మంటపపు నీడలో కూర్చుండి, తెచ్చుకొన్న పులిహోర తినుచుండగా అతడు గణపతిదేవుని చరిత్ర చెప్పెను. మనలో ననేకులకు రుద్రమదేవి తండ్రి యనియే ఆయన పేరు తెలియును. ఆయన బాల్యము దుఃఖమయము. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతోడి యుద్ధమున మడియగా, బాలుడగు గణపతి శత్రువులచేత చిక్కి దేవగిరిలో బందీయయ్యెను. ఓరుగల్లు సింహాసనము దిక్కులేనిదయ్యెను. సామంతులు తలలెత్తిరి. అప్పుడు రేచెర్ల రుద్రుడను సేనాని రాజ్యమును కాపాడెను. అతడు తలచినచో తానే రాజై కూర్చుండవచ్చును. అట్లు చేయక, తన ప్రభువు కుమారునికొఱకు రాజ్యమును నిలిపియుంచెను. పాలంపేటలో 1213లో రామప్పగుడి నిర్మించినవాడు ఈ రేచెర్ల రుద్రుడే. ఆ గుడిని 2021లో యునెస్కోవారు ప్రపంచవారసత్వ స్థలములలో చేర్చిరి. తుదకు యాదవరాజు గణపతిని విడిచిపెట్టగా, 1199 ప్రాంతమున అతడు తిరిగి వచ్చి సింహాసన మెక్కి, అరువది యేండ్లకు పైగా నేలెను. ఓరుగల్లునుండి తూర్పుతీరమువఱకు తెలుగునేల చాలభాగము ఆయన గొడుగు నీడకు వచ్చెను. ఈ వెలనాటి సీమయు, దివిసీమయు అట్లు చేరినవే.

దిక్కులేనినాడు తన సొమ్మును ఒకడు కాపాడి తిరిగి యొప్పగించుట యెట్టిదో గణపతిదేవునకు స్వానుభవమున తెలియును. పరాయిచోట చెఱలో నుండుటయు తెలియును. శాసనమున ఆ ముచ్చట లేదు. కాని ఆ కథ విన్న పిమ్మట, ఓడ మునిగినవాని మీద ఆయనకు కలిగిన దయ మాకు వట్టి రాజనీతిగా తోచలేదు. రాజనీతి లేకపోలేదు. ఓడ మునిగినను సొమ్ము దక్కునని నమ్మకమున్న రేవునకే వర్తకులు వత్తురు. దయయు లాభమును ఒక్క దారిని నడచుట లోకమున అరుదు. ఆ దారి కనిపెట్టినవాడు గొప్ప పాలకుడు.

సుంకముల పట్టిక విన్నప్పుడు మాకు వింత తోచిన సంగతి యొకటి. అందు మిరియములున్నవి కాని మిరపకాయలు లేవు. ఉండుటకు వీలులేదు. మిరప అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి రాకతో 16వ శతాబ్దమున మన దేశమునకు వచ్చినది. ఇప్పుడు గుంటూరు పేరు చెప్పినచో లోకమున కంతటికి మిరపకాయ జ్ఞప్తికి వచ్చును గాని, గణపతిదేవుని వంటయింట కారమనగా మిరియపుకారమే. పరాయినేలనుండి ఓడమీద వచ్చిన యొక కాయ ఈ సీమకు ఇంటిబిడ్డ యైనది. రేవును మూసికొన్న దేశమునకు ఇట్టి భాగ్యము కలుగదు గదా!

ప్రత్తి మాత్రము అప్పుడును మనదే. చీనానుండి సముద్రమార్గమున తిరిగిపోవుచు, 13వ శతాబ్దపు చివర ఈ తీరపు ముచ్చట్లు వ్రాసికొన్న వెనీసు వర్తకుడు మార్కోపోలో, ఈ రేవు పేరుతోనే యీ రాజ్యమునకంతకును ముత్ఫిలి యని పేరు పెట్టెను. ఇచ్చటి వజ్రములను, సాలెపట్టువలె సన్ననైన నూలువస్త్రములను ఆయన మెచ్చెను. అంతకన్న ఎక్కువగా ఇచ్చటి రాణిని మెచ్చెను. ఆమె న్యాయముగా నేలుచున్నదనియు, ప్రజలు ఆమెను మిక్కిలి ప్రేమింతురనియు వ్రాసెను. ఆ రాణి 1262 మొదలు 1289 వఱకు పాలించిన రుద్రమదేవియే. అయితే ఆయన ఒక పొరపాటు చేసెను. ఆమెను మృతుడైన రాజు భార్య యనుకొనెను. సింహాసనము మీద స్త్రీ యున్నచో భర్త వదలిన చోటున కూర్చున్నదనియే పరదేశికి తోచెను కాబోలు. నిజమునకు ఆమె గణపతిదేవుని కూతురు. తండ్రి పురుషనామము పెట్టి, రుద్రదేవ మహారాజని పిలిపించి, రాజ్యమునకు పెంచిన బిడ్డ. ఆమె భర్త నిడదవోలు చాళుక్యవంశపు వీరభద్రుడు.

"గణపతిదేవుని బిడ్డలలో భర్త పోయిన పిమ్మట రాజ్యమేలినది వేఱొక తె" అని మా అక్కగారి కుమారుడు చెప్పెను. "ఆమె గణపాంబ. మీరందఱు ప్రొద్దున నా మాట వినక దాటి వచ్చిన యనమదలలోనిదే ఆమె శాసనము."

అప్పుడు మా అత్తగారు సైతము సర్దుకొని కూర్చుండిరి.

కృష్ణకు దక్షిణమున ధాన్యకటకము, అనగా నేటి యమరావతి ధరణికోటలు, రాజధానిగా కోటవంశపురాజులు పాలించెడివారు. ఆ వంశమున బేతరాజునకు గణపతిదేవుడు తన కూతురగు గణపాంబ నిచ్చి పెండ్లిచేసెను. బేతరాజు మరణించెను. గణపాంబ పుట్టినింటికి తిరిగి పోలేదు. భర్త యేలిన ఆరువేల సీమను తానే పాలించెను. అమరావతిలోని అమరేశ్వరాలయ శిఖరమునకు బంగారు కలశము లెత్తించెను. భర్త జ్ఞాపకార్థము ఆయన పేరిట శివాలయము కట్టించెను. ఈ సంగతులను శకము 1172వ సంవత్సరమున, అనగా 1250లో, యనమదల శాసనమున వ్రాయించెను. తండ్రి మోటుపల్లిలో అభయమిచ్చిన ఆరేండ్లకు కూతురు వేయించిన శాసనమది.

మేము మోటుపల్లిలో వినిన యింకొక సంగతియు చెప్పవలెను. కాకతీయ రాజ్యము 1323లో పడిపోయెను. గణపతిదేవుని మాటకు కట్టుబడుటకు ఆ వంశమున నెవ్వరును మిగులలేదు. అయినను 1358లో కొండవీటి రెడ్డిరాజగు అనపోతారెడ్డి యిదే మోటుపల్లిలో మరల శాసనము వేయించి, వర్తకులకు అట్టి యభయమునే యిచ్చెను. దానిని సంస్కృతమునను, తెలుగునను, పరదేశవర్తకులు చదువుకొనుటకు అరవమునను వ్రాయించెను. రాజులు మారినను మంచి మాట చావలేదు. కొలదికాలమునకు కొండవీటి వర్తకుడు అవచి తిప్పయసెట్టి సింహళమునుండి ఏనుగులను, హురుముజినుండి గుఱ్ఱములను, చీనానుండి పట్టువస్త్రములను దెప్పించెనని శ్రీనాథుడు హరవిలాసమున వర్ణించెను. ఇట్టి యభయము లేనిచో అట్టి వ్యాపారమెట్లు సాగును?

ప్రొద్దు వాలుచుండగా తిరుగుప్రయాణమైతిమి. పరుచూరు దాటువఱకు ఎవ్వరును పెద్దగా మాటాడలేదు. యనమదల దగ్గఱకు వచ్చినప్పుడు మా యాడుబిడ్డయే, "అబ్బాయీ, కారాపుము" అనెను. అందఱము దిగితిమి. దూరమున ఊరు కనబడుచుండెను. సాయంకాలపు పొగ చెట్లమీద నిలిచియుండెను. ఇరుప్రక్కల కల్లములలో కూలివారు మిరపకుప్పలమీద పట్టలు కప్పుచుండిరి. ఊరిలోనికి పోవుటకు వేళ చాలకుండెను. ఆమె గట్టుమీద నిలిచి ఊరివైపు చూచి, మెల్లగా మా దగ్గఱకు వచ్చి, "వదినా, నేనొక యుత్తరము వ్రాయవలెను" అనెను.

"ఎవరికి?"

"మా బావగారికి. తగవులాడుటకు కాదు. లెక్క యడుగుటకు. ఆయన వైద్యమునకు వారు సొమ్ము పెట్టిన మాట నిజము. అది వారికి రావలసినదే. అదే కూపశుల్కము. దానికి మించినది మాత్రము వారిది కాదు. ఓడ మునిగినంతమాత్రమున సరకు వారిదగునా?"

మా అత్తగారు వినుచుండిరి. ఆమె అడ్డు చెప్పుదురని మేము భయపడితిమి. ఆమె కొంగుతో కన్నులొత్తుకొని, "వ్రాయవే తల్లీ. ఇన్నాళ్లు నీ నోరు మూసినది నేనే" అనిరి.

ఆ రాత్రియే ఆమె యుత్తరము వ్రాసెను. మేమును మా అక్కగారి కుమారుడును చట్టపు సంగతులు చెప్పితిమి. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక మరణించిన పురుషుని స్వార్జితమున భార్యకును, బిడ్డలకును, తల్లికిని సమానభాగములు కలవు. భార్యకు వచ్చిన భాగము ఆమె సంపూర్ణ స్వామ్యము. బ్రదికియున్నంతకాలము అనుభవించి విడువవలసిన జీవనాధారము కాదు. పుట్టినింట పెట్టిన నగలు స్త్రీధనము. వానిలో నెవ్వరికిని భాగము లేదు. ఈ సంగతులు మన సోదరీమణులలో చదువుకొన్నవారికి సైతము పలువురకు తెలియవు. మాకును ఆనాటివఱకు స్పష్టముగా తెలియదని యొప్పుకొనుటకు సిగ్గుపడము.

ఉత్తరములో ఆమె ఒక్క పరుషవాక్యము వ్రాయలేదు. వైద్యపు వ్యయమునకు రసీదులు చూపినచో మిరపబస్తాల వెలలో తగ్గించుకొనవచ్చుననియు, తన అత్తగారి భాగమునకు తానడ్డు చెప్పననియు, తక్కిన సొమ్మును, పాసుపుస్తకమును, నగలును తనకును బిడ్డకును చేరవలెననియు మాత్రము వ్రాసెను. క్రింద లెక్క గీతలు గీసి, అంకెలు నిలువుగా పేర్చెను. ఆ లెక్కను చూచినప్పుడు మాకు మోటుపల్లి స్తంభము మీది సుంకముల పట్టిక జ్ఞప్తికి వచ్చెను.

మూడు వారములు బదులు లేదు. మా అత్తగారు మరల దిగులుపడసాగిరి. నాలుగవ వారమున బావగారు స్వయముగా వచ్చిరి. సంచిలో రసీదులున్నవి. కూర్చుండి, మంచినీళ్లు పుచ్చుకొని, "అమ్మాయీ, ఈ లెక్క నీవే వ్రాసితివా?" అని యడిగిరి.

"నేనే వ్రాసితిని, బావగారూ."

ఆయన చాలసేపు ఆ కాగితమును చూచి, "ఇది ముందే యడిగియుండవలసినది" అనిరి.

"మీరు ముందే యీయవలసినది" అని మా యాడుబిడ్డ తల వంచుకొనియే చెప్పెను.

అన్నియు నొక్కనాడే చక్కబడలేదు. పాసుపుస్తకము వచ్చినది. వైద్యపు వ్యయము పోగా మిరప సొమ్ములో మిగిలినది రెండు వాయిదాలుగా చేరినది. నగలలో గొలుసొకటి తాకట్టున నున్నదని తెలిసినది; అది ఇంకను రావలసియున్నది. పిల్ల పెండ్లినాటికి ఆ వైపువారు వత్తురో రారో దైవమే యెఱుగును. కాని మొన్న సంక్రాంతికి బావగారి భార్య పిల్లకు పరికిణీ గుడ్డ పంపినది.

మరల మాఘము వచ్చినది. ఈ యేడు ఆ రెండెకరములలో మిరప మా యాడుబిడ్డయే వేయించినది. తెల్లవారుజామున బస్సెక్కి కల్లమునకు పోవును. తాలుకాయ లేరెడి స్త్రీలకు కూలి తానే లెక్కపెట్టి యిచ్చును. సాయంకాలము ఎఱ్ఱబడిన చేతులతో తిరిగి వచ్చును. మా అత్తగారు మరల సముద్రస్నానమునకు పోవలెనని యనుచున్నారు. ఈసారి ప్రొద్దుననే యనమదలలో ఆగి, అటుపిమ్మటనే మోటుపల్లికి పోవలెనని మా యాడుబిడ్డ చెప్పినది. తన కూతురిని కూడ తీసికొనిపోవునట. ఆ పిల్ల యిప్పుడే, "కూపశుల్కమనగా నేమి, అత్తయ్యా?" అని మమ్మడుగుచున్నది.